గిడ్డంగి లెక్క: ముద్ర నుండి చేతియంత్రము వరకు

తెలుగువారు నిత్యము వాడు ‘గోడౌను’ అను మాట ఆంగ్లేయులు మనకిచ్చి పోయినదని చాలమంది తలంతురు. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువున యూల్, బర్నెల్ పండితులు ఈ మాట పుట్టుపూర్వోత్తరములను విచారించిరి. మలయా భాషలోని ‘గదొంగ్’ నుండి ఇది ఐరోపావారి నోట పడినదనియు, ఆ మలయా మాటకు మూలము తెలుగు ‘గిడ్డంగి’, తమిళ ‘కిడంగు’ అయియుండుననియు వారి ఊహ. ‘కిడ’ యనగా పడియుండుట. సరకు పడియుండు చోటు కిడంగు. వారి ఊహయే నిజమైనచో మన తీరమునుండి ఓడనెక్కి తూర్పు ద్వీపములకు పోయిన మాటయే వేషము మార్చుకొని, దొరలవెంట తిరిగి మన యింటికి వచ్చినదన్నమాట. పుట్టింటివారు దానిని గుర్తుపట్టలేదు.

సరకు పడియున్నంతమాత్రమున అది గిడ్డంగి కాజాలదు. కళ్ళములోను ధాన్యము పడియుండును. రేవులోను మూటలు పడియుండును. ఎంత వచ్చినది, ఎవరిది, ఎప్పుడు వచ్చినది, ఎంత పోయినది, ఎంత మిగిలినది అని చెప్పగల లెక్క యొకటి దాని వెంట ఉన్నప్పుడే ఆ చోటు గిడ్డంగి యగును. కప్పు తాటాకుదైనను రేకుదైనను భేదము లేదు. గిడ్డంగుల చరిత్ర కట్టడముల చరిత్ర కాదనియు, అది లెక్క చరిత్ర యనియు నా యభిప్రాయము. ఆ లెక్కను వ్రాయువాడెవడు, దానిని చదువగలవాడెవడు అను ప్రశ్న ప్రతి యుగమునను ముందునకు వచ్చినది. నేడు చేతిలో ఇముడు యంత్రములతోను, తమంత తాము కదలు బండ్లతోను గిడ్డంగులు మారిపోవుచున్న కాలమున ఈ ప్రశ్న మన తెలుగు కుటుంబముల వాకిటికే వచ్చి నిలిచినది గావున, దానిని మొదటినుండి చూడ యత్నింతును.

కౌటిల్యుని అర్థశాస్త్రమును ఆర్. శామశాస్త్రి గారు 1909లో మైసూరున ప్రకటించిరి. అందు రెండవ అధికరణమున సన్నిధాత, కోష్ఠాగారాధ్యక్షుడు అను ఇద్దరు ఉద్యోగుల విధులు కలవు. కోష్ఠాగారము ముందు వానను కొలుచుటకు ఒక పాత్రను ఉంచవలెనని యొక నియమము. ధాన్యము దాచు చోటనే వానను కొలుచుట యెంత ముందుచూపు! నిలువలో సగము జానపదుల ఆపదలకై ఉంచవలెను, మిగిలిన సగమునే వాడవలెను, పాతదానిని క్రొత్తదానితో మార్చుచుండవలెను అనునవి మరికొన్ని నియమములు. ముందు వచ్చినది ముందు పోవలెనని నేటి గిడ్డంగివారు గోడలపై వ్రాసికొను సూత్రము ఇదియే. గోరఖ్‌పూరు ప్రాంతమున దొరకిన సోహ్‌గౌరా రాగిరేకు రెండు కోష్ఠాగారములను, ఆపత్కాలమున వాని ఉపయోగమును పేర్కొనుచున్నది. అది మౌర్యుల నాటిదని చరిత్రకారుల మతము. మన దేశమున దొరకిన మిక్కిలి పాత శాసనములలో నొకటి కొట్ల విషయమై వ్రాసినదగుట గమనింపదగినది.

తెలుగునాట ధాన్యము దాచుటకు ఎన్ని సాధనములో అన్ని మాటలు. వెదురుతోనో కంపతోనో అల్లి పేడతో అలికినది గాదె. నేలలో త్రవ్వినది పాతర. గడ్డివెంటితో చుట్టి పైకి లేపినది పురి. మిక్కిలి పెద్దది గరిసె. ఈ గరిసె కొలతగా కూడ మారి, చెన్నపట్టణపు కుంపిణీ లెక్కలలో ‘గార్సు’ అయినది. దానికి 80 పరాలు, అనగా 400 మరక్కాళ్ళు. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతముల పల్లెలలో తెలుగు కుంచము, తూము, పుట్టి ఒకవైపు, తమిళ పడి, మరక్కాలు, కలము మరియొకవైపు చెల్లుచుండెను. రెండు భాషల లెక్కయు తెలిసినవాడే ఇచ్చట వర్తకము చేయగలిగెడివాడు. ఈ సీమ కార్వేటినగరము జమీలో నుండి, 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరి, 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమునకు వచ్చినదన్నది మన సభ్యులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. సరిహద్దు గీత మారినను కుంచము మారలేదు.

కళ్ళములో కొలుచువాడు మొదటి కుంచమును ‘ఒకటి’ అనడు, ‘లాభము’ అనును. పిదప రెండు, మూడు అని సాగించును. పైకి వినబడునట్లు లెక్కించుట ఇందలి ముఖ్యాంశము. రైతు, పాలేరు, పాలు పుచ్చుకొనువాడు, పిడికెడు మేరకై వచ్చిన చాకలి, మంగలి, అందరును వినుచుండగా లెక్క సాగెడిది. అక్షరము రానివానికిని అది తెలిసెడిది. కాని పాలు పంచువరకు రాశిని కాపాడుటెట్లు? చెక్కతో చేసిన ముద్రను తడిమట్టిలోనో బూడిదలోనో అద్ది రాశిపై వేసెడివారు. గుప్పెడు గింజలు తీసినను ముద్ర చెదరును. దొంగను అది పట్టుకొనలేదు గాని, దొంగతనమును చెప్పివేయును. నేడు పెట్టెలపై అంటించు గుర్తుల పని గూడ ఇంతకు మించినది కాదు.

కళ్ళము దాటిన తరువాత లెక్క మూగబోవును. అది తాటియాకు నెక్కును. 1767-1774 సంవత్సరముల నడుమ థామస్ బార్నార్డు అను ఇంజనీరు చెంగల్పట్టు జాగీరులోని రమారమి 2,000 గ్రామములను సర్వే చేసెను. ఆ సర్వేకు ఆధారమైన తాటియాకు లెక్కలు తంజావూరి తమిళ విశ్వవిద్యాలయమున కలవు. నేటి తిరువళ్ళూరు జిల్లాలో కొంత భాగము ఆనాటి జాగీరులోనిదే. ఏ యూరిలో ఎంత పండినది, దేవళమునకెంత, చెరువునకెంత, కరణమునకెంత, కావలివానికెంత యని ఆ యాకులు చెప్పుచున్నవి. ధర్మపాల్ మొదలగువారు వానిని పరిశీలించి, గ్రామ వ్యవస్థ యెంత నేర్పుతో నడచినదో చూపిరి. వారి మాట సత్యమే. అయినను ఒక విషయము మరువరాదు. కళ్ళములో పదిమంది విన్న లెక్క, ఆకు మీద ఒక్కని గంటము క్రిందికి వచ్చినది. కరణము వ్రాసినదే లెక్క, చదివినదే నిజము. రైతునకు గింజ తెలియును, గీత తెలియదు. మన సామెతలలో కరణమునకు దక్కిన స్థానము ఊరక వచ్చినది కాదు.

ఆ కాలపు కొట్లలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. గండికోటలోని పెద్ద ధాన్యాగారమును చూచినవారు మనలో చాలమంది కలరు. తంజావూరును ఏలిన తెలుగు నాయకుల కాలమున, 17వ శతాబ్ది పూర్వభాగమున, పాపనాశము పాలైవననాథాలయములో 3,000 కలముల ధాన్యము పట్టు ఇటుక కొట్టు కట్టబడినది. రఘునాథ నాయకుని కాలమనగానే మనకు కావ్యములు, యక్షగానములు జ్ఞప్తికి వచ్చును. ఆ కవితకు కూడు పెట్టిన కొట్టు గూడ ఒకటుండెనని చెప్పుకొనుట న్యాయము.

1856 జూలై 1న రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణ దేశపు మొదటి ప్రయాణికుల రైలుమార్గము తెరవబడినది. అది తిరువళ్ళూరు మీదుగనే పోయెను. ఇరువది సంవత్సరములకు ధాత కరువు వచ్చెను. 1876-78 నడుమ రాజధాని యంతటను జనము మాడిపోవుచుండగా చెన్నపట్టణపు సముద్రతీరమున దిగుమతి ధాన్యపు బస్తాలు గుట్టలుగా పడియుండెను. కరువుపనిగా త్రవ్వించిన భాగముతో కలిసి తీరపు కాలువ పూర్తికాగా, 1878లో గవర్నరు పేరిట దానికి బకింగ్‌హాము కాలువ యని పేరు పెట్టిరి. నెల్లూరు సీమ వడ్లు ఆ కాలువ మీద పడవలలో పట్టణము చేరెడివి. రైలుకును కాలువకును కలిగిన ఫలితమొకటి చరిత్రలలో తగినంత చర్చింపబడలేదు. సరకు ఒకచోట, సొంతదారు మరొకచోట ఉండసాగిరి. నడుమ రశీదు అను కాగితము పుట్టినది. ఆ కాగితము చేతిలోనున్నవాడే సరకునకు యజమాని. గింజను చూడకయే కొనుట, అమ్ముట, తాకట్టు పెట్టుట సాధ్యమైనది. రైతు మాత్రము పంట యింటికి వచ్చిన నాడే అప్పులవానికి అమ్ముకొనుచుండెను. దాచుకొనుటకు చోటు లేదు, చోటున్నను రశీదు లేదు, రశీదున్నను నమ్మి అప్పిచ్చువాడు లేడు.

ఈ చిక్కును 1954లో గోర్వాలా సంఘమువారి గ్రామీణ పరపతి నివేదిక స్పష్టపరచెను. ఆ సలహా ననుసరించి 1956లో చట్టము, 1957 మార్చి 2న కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో మదరాసు, ఆంధ్ర రాష్ట్రముల గిడ్డంగుల సంస్థలు ఏర్పడెను. 1965 జనవరి 14న భారత ఆహార సంస్థ తన మొదటి కార్యాలయమును తంజావూరున తెరచెను. ఈ సంస్థల రాకతో రైతు సరకును ప్రభుత్వ గిడ్డంగిలో ఉంచి, రశీదును బ్యాంకునకు చూపి, ధర వచ్చువరకు ఆగు వీలు కలిగినది. ఆచరణలో ఈ వీలు చిన్న రైతునకంటె వర్తకునకే యెక్కువగా దక్కినదన్న విమర్శయు ఉన్నది. అది త్రోసివేయదగినది కాదు. 2007 చట్టముతో రశీదునకు చేతులు మారు హక్కు గట్టిపడినది. 2017 నుండి అది కాగితమును విడిచి కంప్యూటరులోని పద్దుగా వ్రాయబడుచున్నది.

సరకు మీది గుర్తు కథ మరొక దారిని నడచినది. అమెరికాలో నార్మన్ వుడ్‌లాండు అను యువకుడు మయామీ తీరపు ఇసుకలో కూర్చుండి, తాను బాలచరుడుగా నేర్చిన మోర్సు తంతి గుర్తులను తలచుకొనుచు, వ్రేళ్ళతో ఇసుకపై గీతలు గీచెనట. చుక్కను, గీతను క్రిందికి సాగదీసినచో సన్నని గీత, లావు గీత యగును. ఆ గీతల వరుసతో ఒక సంఖ్యను వ్రాయవచ్చును. అతడును బెర్నార్డ్ సిల్వరును 1952లో దీనికి పేటెంటు పొందిరి. గీతలను చదువగల చౌకయైన వెలుగుపుంజము దొరకుటకు మరి యిరువది యేండ్లు పట్టెను. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రమున ట్రాయ్ పట్టణపు అంగడిలో, ఒక నమలు మిఠాయి పొట్లము ఈ గీతల బార్‌కోడుతో అమ్ముడైన మొదటి సరకు అయినది. 1994లో జపానున డెన్సో వేవ్ సంస్థవారు, కార్ల విడిభాగములను గుర్తించుటకై, గీతలకు బదులు నలుపు తెలుపు గడుల చదరమును కల్పించిరి. నేడు కూరగాయల బండి మీద కూడ కనబడు క్యూఆర్ కోడు అదియే. అనగా అది గిడ్డంగిలో పుట్టి వీధికి వచ్చినదేగాని, వీధినుండి గిడ్డంగికి పోయినది కాదు.

గుర్తును చదువు యంత్రము చేతిలోనికి వచ్చి, అది తీగ లేకయే కంప్యూటరుతో మాటలాడ నేర్చిన పిమ్మట గిడ్డంగి స్వభావమే మారిపోయినది. పాత కొట్టులో బియ్యమొకచోట, పప్పొకచోట, బెల్లమొకచోట ఉండును. ఏది యెక్కడనున్నదో గుమాస్తా జ్ఞాపకమే ప్రమాణము. అతడు జబ్బుపడిన కొట్టు సగము మూతబడును. క్రొత్త గిడ్డంగిలో ప్రతి అరకు, ప్రతి గడికి ఇంటినంబరువలె ఒక చిరునామా ఉండును. వచ్చిన సరకును ఖాళీ దొరకిన చోట పెట్టుదురు. సబ్బు ప్రక్కన పుస్తకము, దాని ప్రక్కన పాలపీక. పెట్టినవాడు సరకు గుర్తును, గడి గుర్తును ఒకదాని వెంట నొకటి యంత్రమునకు చూపును. అంతే, జ్ఞాపకము యంత్రమునకు చేరినది. తీయవలసినపుడు ఆ యంత్రమే దారి చూపును: మూడవ వరుస, ఏడవ స్తంభము, రెండవ అర. చూచుటకిది చిందరవందరయే గాని, చోటు వృథా కాదు. నిన్న పనిలో చేరినవాడును ఇరువదేండ్ల గుమాస్తాయు ఒకే వేగమున సరకు తేగలరు. గుమాస్తాకు ఇందు పోయినదేమో చదువరులే యూహింతురు గాక. ఒక అడుగు ముందుకు వేసి, మనిషి అర వద్దకు పోవుటకు బదులు అరయే మనిషి వద్దకు వచ్చు చిన్న బండ్లను కీవా అను సంస్థ చేసినది. 2012లో అమెజాను దానిని 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనెను. 2019లో ఫ్లిప్‌కార్టువారు బెంగుళూరు కేంద్రమున పొట్లములను ఊరివారీగా వేరుచేయు బండ్లను నిలిపిరి.

ఇది దూరపు వార్త కాదు. మణవాళనగరు తిరువళ్ళూరు రైలుస్టేషనును ఆనుకొనియున్నది. ఇచ్చటినుండి శ్రీపెరుంబూదూరు వైపు పోవు బాటలో ఒకనాడు వరిచేలుండిన తావుల నేడు రేకుల కప్పుల గిడ్డంగులు లేచినవి. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చుటతో, రాష్ట్రమున కొక్క చిన్న గిడ్డంగి చొప్పున పెట్టుకొను అవసరము వర్తకులకు తీరినది. పెద్ద పట్టణము దాపున ఒకే పెద్ద గిడ్డంగి చాలును. దానికి తగిన యంత్రములు పెట్టుటయు గిట్టుబాటగును. మప్పేడులో సుమారు 184 ఎకరాలలో తలపెట్టిన బహుళరవాణా సరకుల కేంద్రమునకు 2022 మే 26న శంకుస్థాపన జరిగినది.

జిల్లాకు ఈశాన్యపు కొసన, ఆంధ్ర సరిహద్దు దాపున, ఎళావూరు కలదు. ఆహార సంస్థతో 2005లో జరిగిన ఒప్పందము మేరకు అదానీ సంస్థవారు అచ్చట 25,000 టన్నుల గోదుమలు పట్టు ఉక్కు గాదెలను కట్టిరి. పంజాబులోని మోగాలో పొడిగా నింపిన గోదుమలు ప్రత్యేకమైన పెట్టెల రైలులో వచ్చి, అడుగు తెరువగా జారి, యంత్రముతో గాదెల కెక్కును. గోనెసంచి లేదు, కుట్టు లేదు, చిల్లు లేదు, ఎలుక లేదు. గాదెలోని వేడిని లోపలి తీగలు కనిపెట్టి చెప్పును. హమాలీయు లేడు. దీనిని గూర్చి తొందరపడి విచారింపరాదు. నూరు కిలోల బస్తాను వీపున మోసిన తరము మన కండ్లయెదుట నడుము వంగి తిరుగుచున్నది. ఒక మగవాడు మోయదగిన బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. మూట దిగుట మేలే. ఆ మూట మోసినవాని కొడుకునకు యంత్రము నడుపు పని దొరకినదా యన్నదే అడుగవలసిన మాట.

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు మా బడి పిల్లల మూలమున వచ్చినది. ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. 2006 చట్టము ననుసరించి తమిళము నేర్చుదురు, అది వారికి అవసరమును, మేలును. గిడ్డంగి పనిలో చేరగానే వారి చేతికి వచ్చు యంత్రము మాత్రము ఆంగ్లమున ఆజ్ఞాపించును. మా వద్ద చదివి పోయిన ఒక కుర్రవాడు ఒక గిడ్డంగిలో సరకు ఏరు పనికి కుదిరెను. అతని యంత్రముపై ‘షార్ట్’ అను మీట యొకటి కలదు. అరలో ఉండవలసిన సరకు తక్కువ పడినపుడు దానిని నొక్కవలెను. చిన్న పొట్లము వచ్చినపుడు నొక్కవలెనని అతడు తలచెను. బడిలో మేము నేర్పిన ‘షార్ట్’కు పొట్టి యనియే గదా అర్థము. రెండు వారములలో అతని పేర ఎన్నో సరకులు మాయమైనట్లు లెక్క తేలినది. సరకులన్నియు అరలలోనే యున్నవి. ఎవరును దొంగ యనలేదు గాని, మూడవ వారము పనికి పిలువలేదు. ఆకు మీది గీత తెలియని రైతునకును ఇతనికిని నడుమ 250 సంవత్సరములు గడచినవి.

వ్రేలిముద్ర సంగతియు ఇట్టిదే. అక్షరము రానివానికి నిశానీ యని పూర్వము వ్రేలు అద్దించెడివారు. అది చిన్నతనముగా నుండెడిది. 2015 నుండి ఆంధ్రప్రదేశములోని చౌకడిపోలలో చదివినవారును చదువనివారును వ్రేలు పెట్టియే బియ్యము తీసికొనుచున్నారు. మధ్యవర్తి వ్రాసికొను దొంగ పద్దులు దీనివలన చాల తగ్గినవి. అయితే జీవితమంతయు కలుపు తీసి, రాళ్ళు మోసి గీతలరిగిన ముసలి వ్రేళ్ళను యంత్రము గుర్తింపక త్రిప్పిపంపిన సందర్భములును కలవు. కష్టము చేసిన చేతినే యంత్రము ఎరుగననుట విపరీతము గదా.

భాష విషయమున యంత్రమునకు స్వతస్సిద్ధమైన అయిష్టమేమియు లేదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము దొరకినది. ఏ చేతిఫోనైనను తెలుగు అక్షరమును చూపగలదు. లేనిదల్లా అందులో పెట్టుటకు మాటలు. అందుచే నిరుడు మా పదవ తరగతివారితో కూర్చుండి, గిడ్డంగి యంత్రములపై కనబడు మాటలకు తెలుగు తమిళములలో ఒక పట్టిక తయారు చేసితిమి. సరకు తీయుటకు ‘ఏరుట’, అరలో పెట్టుటకు ‘సర్దుట’, గుర్తు చూపుటకు ‘చదివించుట’ అని పిల్లలే నిర్ణయించిరి. ‘షార్ట్’కు నేను ‘కొరత’ అంటిని. తిరుత్తణి వైపునుండి వచ్చు ఒక బాలిక లేచి, మా అవ్వ కుంచము నిండకపోయిన ‘వెలితి’ అనును, అది వ్రాయుడు అని చెప్పినది. పట్టికలో ‘వెలితి’ అనియే వ్రాసితిమి. నలువది మాటలైనవి, ఇంకను చేర్చవలసినవి కలవు. సభ్యుల యిండ్లలో గిడ్డంగి పని చేయువారెవరైన ఉన్నచో, వారి యంత్రములపై కనబడు మాటలను వ్రాసి పంపుదురని కోరుచున్నాను.